తొమ్మిది ఎక్కువ, తొమ్మిది తక్కువ

"కళ్ళు పరీక్ష చేసేవాళ్ళకి ఇంత పెద్ద బోర్డు కనబడలేదాండీ?"

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టులో, స్టూలెక్కి నిలబడ్డ మెకానిక్, చుక్క అనే అమ్మాయితో మాట్లాడిన మొదటి మాట ఇదే. చేతిలో స్క్రూడ్రైవర్, చెవి వెనక పెన్సిలు, మొహం నిండా చిరాకు.

బోర్డు నిజంగానే పెద్దది. 'లిఫ్టు పని జరుగుతోంది, ఎక్కవద్దు' అని ఎర్రటి అక్షరాలతో కింద తలుపు పక్కనే వేలాడుతోంది. చుక్క దాన్ని చూసింది కూడా. కానీ ఐదో అంతస్తులోని కళ్ళజోళ్ళ షాపు తాళాలు తన దగ్గరున్నాయి, ఐదంతస్తులు ఎక్కే ఓపిక మాత్రం లేదు. తలుపు తెరిచే ఉంది కదా అని దూరింది.

"కనబడింది. నమ్మలేదు," అంది. "ఆ బోర్డు నెలలో ఇరవై రోజులు అక్కడే ఉంటుంది. పని ఇవాళే జరుగుతుందని నాకేమైనా కలొచ్చిందా?"

"జరుగుతోంది కాబట్టే బోర్డు పెట్టాం."

"జరిగితే లిఫ్టు నడవాలి. ఆగిపోతే దాన్ని పని జరగడం అనరు."

మెకానిక్ స్క్రూడ్రైవర్ దించాడు. ఆమె తెల్లకోటు జేబు మీద కుట్టిన షాపు పేరుకేసి ఒకసారి, ఆమె మొహంకేసి రెండుసార్లు చూశాడు. ఆ రెండోసారి అవసరం ఏమిటో అతనికే తెలియాలి.

"ఎంతసేపు పడుతుంది?" అడిగింది చుక్క.

"మీరు మాట్లాడకపోతే ఇరవై నిమిషాలు."

"మాట్లాడితే?"

"అది నా ఓపికని బట్టి."

చుక్క అసలు పేరు షాపులో ఎవరికీ గుర్తులేదు. గొడుగు, టిఫిన్ డబ్బా, కొలత స్కేలు, పెన్ను, ఏ వస్తువైనా సరే తనదైతే దాని అడుగున గులాబీరంగు గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టుకోవడం ఆమె అలవాటు. షాపు యజమానిని అందరూ బాబాయ్ అంటారు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని షాపంతా దానికోసమే వెతికే మనిషాయన. అలాంటాయనకి పేర్లేం గుర్తుంటాయి? మొదటివారంలోనే "చుక్కా!" అని పిలిచాడు. అదే స్థిరపడింది.

సరిగ్గా ఎనిమిదైంది. లిఫ్టులో రెండు ఫోన్లు ఒక్కసారే మోగాయి.

ఒకటి చుక్కది. రెండోది స్టూలు మీద ఉన్నాయనది. ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరినొకరు చూసుకున్నారు. అతను అలారం నొక్కేసి, స్టూలు దిగి, సంచిలో చెయ్యి పెట్టాడు. చుక్క ఆ మూలకి తిరిగి ఫోన్ ఎత్తింది.

"పిల్లి పాలు తాగిందా?" ఫోన్లోంచి ఒక పెద్దావిడ గొంతు లిఫ్టంతా వినబడేలా అడిగింది.

"తాగుతోంది అత్తా."

"తాగుతోంది కాదు. తాగింది అని చెప్పు."

"ఒక్క నిమిషం ఆగు మరి!"

చుక్క హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు మూత ఉన్న తెల్ల విటమిన్ సీసా తీసింది. తీస్తూ తీస్తూ పక్కకి చూసింది. మెకానిక్ చేతిలోనూ పసుపు మూత తెల్ల సీసాయే. అదే కంపెనీ, అదే సైజు.

"విటమిన్లు," అంది చుక్క, ఎవరూ అడక్కుండానే.

"నావి కూడా విటమిన్లే," అన్నాడతను, తననీ ఎవరూ అడక్కుండానే.

గుమ్మడికాయల దొంగెవరంటే ఇద్దరూ భుజాలు తడుముకున్నారన్నమాట.

ఆమె దగ్గర నీళ్ళు లేవు. అతను తన నీళ్ళ బాటిల్ ఇచ్చాడు. ఆమె ఎత్తిపోసుకుని తాగింది, మూడు చుక్కలు మెడమీద పడ్డాయి. అతను గభాలున పైకి, స్విచ్చుల పెట్టెకేసి చూశాడు. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

"తాగింది అత్తా," అని ఫోన్ పెట్టేసింది.

"పిల్లిని పెంచుతున్నారా?" అడిగాడు.

"ఆఁ."

"ఏ రంగు?"

"తెలుపు," అంది చుక్క, మాత్ర రంగు గుర్తొచ్చి.

అంతలో లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి పైకి కదిలింది. స్టూలు మీద పెట్టిన రెండు సీసాలూ కిందపడి దొర్లాయి. ఆమె ఒకదాని వెంట, అతను ఒకదాని వెంట వంగారు, తలలు ఢీకొన్నాయి. "అబ్బా!" అని ఒకరు, "సారీ!" అని ఒకరు. ఎవరి చేతికి అందిన సీసా వాళ్ళ సంచిలోకి వెళ్ళిపోయింది. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది.

"ఇరవై నిమిషాలన్నారు. ఏడే పట్టింది," అంది చుక్క దిగుతూ.

"మీరు తొందరగా దిగిపోతారని తెలిస్తే నెమ్మదిగా చేసేవాణ్ణి," అన్నాడు మెకానిక్.

అనేసి తనే కంగారుపడ్డాడు. ఆ కంగారు చూసి చుక్కకి ఆ రోజంతా నవ్వు ఆగలేదు. ఒకాయనకి దగ్గరచూపు అద్దాలు పెట్టబోయి దూరంచూపువి పెట్టింది.

చుక్క సీసాలో ఉన్నవి విటమిన్లు కావని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అవి హెచ్‌ఐవి మందులు. రోజుకొకటి, సరిగ్గా ఎనిమిదింటికి. అసలు డబ్బా మీద మందు పేరుంటుందని, మందులిచ్చే సెంటర్లో తీసుకోగానే వాటిని విటమిన్ సీసాలోకి మార్చేసుకుంటుంది. రక్తంలో వైరస్ పరీక్షకి కూడా అందనంతగా తగ్గిపోయి చాలాకాలమైంది. ఇలా మందు మానకుండా ఉన్నంతకాలం తన నుంచి ఇంకొకరికి అంటదని డాక్టరు చెప్పింది. ఒంట్లో ఏ బాధా లేదు. బాధంతా చెప్పడంలోనే ఉంది.

సెంటర్ మేడమీద గదిలో ఆదివారాలు అందరూ కలుస్తారు. అక్కడ ప్రతివాళ్ళకీ ఒక 'తోడు' ఉంటారు. రోజూ మందు వేళకి ఫోన్ చేసి అడగడం తోడు పని. చుక్క తోడు ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఆవిడకి అలారం అత్త అని పేరు. తనకి హెచ్‌ఐవి ఎలా వచ్చిందని ఎవరో అడిగితే, "నీకు జలుబెలా వచ్చిందని నేనడిగానా?" అని ఎదురడిగిన మనిషి. ఫోన్లో మందుల మాట పక్కవాళ్ళు వినకూడదని పిల్లినీ పాలనీ కనిపెట్టింది ఆవిడే. చుక్కకి ఏ పిల్లీ లేదు.

మర్నాటినుంచి ఆ బిల్డింగ్ లిఫ్టుకి రోజుకో జబ్బు చేసింది.

"మళ్ళీ ఏమైంది?" అంటుంది చుక్క.

"తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు."

"నిన్న తెరుచుకోవట్లేదన్నారు."

"తెరుచుకోవడం బాగుచేస్తే మూసుకోవడం పోయింది. ఐదో అంతస్తులోనే వస్తోందండీ ప్రాబ్లం."

మూడోరోజు ఏకంగా కళ్ళ పరీక్షకే వచ్చాడు. చుక్క చార్టు ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, "అన్నిటికంటే పెద్దక్షరం ఏంటి?" అంది.

"మసగ్గా ఉందండీ. ఏనుగులా ఉంది."

"రెండో వరస?"

"ఏనుగు పిల్లలు."

"అయ్యో పాపం," అంది చుక్క. "కింద మూలన ఏదో చిన్నగా రాసుంది, నాకే సరిగ్గా కనబడి చావట్లేదు. ఏంటో చూడండి కాస్త?"

"'ఈ చార్టును తడి తగలకుండా ఉంచవలెను'," అని చదివేసి నాలుక్కరుచుకున్నాడు.

కౌంటర్ దగ్గర బాబాయ్ పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకి నుదుటి మీది కళ్ళజోడు జారి ముక్కు మీద పడింది. "ఇదిగో, దొరికింది!" అన్నాడాయన సంబరంగా.

చుక్క చిన్న టార్చి వేసి దగ్గరగా వంగి అతని కళ్ళలోకి చూసింది. వృత్తి ధర్మం.

"కళ్ళు బాగానే ఉన్నాయి," అంది.

"ఎంత బాగా?"

చుక్క టార్చి ఆర్పేసింది. చెవులు వేడెక్కాయి.

తర్వాతి వారం వాన పట్టుకుంది. బస్టాపులో ఆమె గొడుగు కింద అతను సగం, బయట సగం నిలబడి, జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. లోపల నీలం పట్టీ, దానికొక బుల్లి గంట.

"మీ పిల్లికి. తెల్లదాని మెడకి నీలం బాగుంటుందని..."

వాన చప్పుడులో ఆ గంట చప్పుడు చుక్క గుండెలో మోగింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. లేని పిల్లికి మెడపట్టీ తెచ్చిన మనిషిని ఏం చెయ్యాలి? అతను తనకి ఇష్టం. ఎంత ఇష్టమో లెక్క తేలడం లేదు. కానీ చెప్పాలి కదా. చెప్పాక?

రెండేళ్ళ కిందట ఒకతనికి చెప్పింది. సంబంధం దాదాపు ఖాయమైన రోజులవి. "నేనర్థం చేసుకోగలను," అన్నాడు. మర్నాడు ఫోన్ నెంబర్ మార్చాడు. వాళ్ళింట్లో తను కాఫీ తాగిన కప్పు ఆ సాయంత్రమే చెత్తబుట్టలోకి వెళ్ళిందని తర్వాత తెలిసింది. నెంబర్ మార్చినందుకు కాదు, కప్పు పారేసినందుకు ఎక్కువ ఏడ్చింది చుక్క.

"చెప్పెయ్," అంది అలారం అత్త ఫోన్లో. "ఉండేవాడైతే ఉంటాడు. పారిపోయేవాడైతే చెప్పులు తొడుక్కునే టైం కూడా ఇవ్వకు."

"ఆదివారం మీటింగయ్యాక చెప్తా అత్తా."

"మంచిది. ఆ రోజు నీకూ మంచి రోజే కదా."

అవును, మంచి రోజే. మీటింగులో మాత్రలు లెక్కపెట్టే కౌన్సెలర్‌ని లెక్కలక్క అంటారు. నెల నెలా ఎవరి సీసా వాళ్ళు బల్లమీద పెట్టాలి. అక్క ట్రేలో పోసి, రెండేసి చొప్పున జరుపుతూ లెక్కపెడుతుంది. పన్నెండు నెలలు ఒక్క మాత్ర కూడా తేడా రాకపోతే ఆ మనిషి కొత్తవాళ్ళకి తోడు కావచ్చు. చుక్కకి పదకొండు నెలలు పూర్తయ్యాయి. ఇది పన్నెండోది. ఒకప్పుడు గది మూలన తలొంచుకు కూర్చున్న తనకి అత్త దొరికినట్టు, ఇంకొకరికి తను దొరకాలని ఏడాదిగా ఎదురుచూస్తోంది.

ఆ ఆదివారం అక్క చుక్క సీసా ట్రేలో గుమ్మరించింది. జరిపింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి జరిపింది.

"రెండు మిగలాలి," అంది. "పదకొండున్నాయి. తొమ్మిది ఎక్కువ."

తొమ్మిది మాత్రలు ఎక్కువున్నాయంటే తొమ్మిది రోజులు వేసుకోలేదని అర్థం.

"తొమ్మిది రోజులా?" అత్త లేచి నిలబడింది. "రోజూ ఫోన్ చేశానే! రోజూ తాగిందన్నావే! నాతోనే అబద్ధమా?"

"లేదత్తా! ఒక్కరోజు కూడా..."

చుక్క సీసా అందుకుని తిప్పి చూసింది. అడుగున గులాబీ చుక్క లేదు. మూత అంచున మాత్రం నల్లగా గ్రీజు మరక ఉంది.

ఇది తన సీసా కాదు. కానీ లోపలివి తను వేసుకునే మాత్రలే. ఇన్నాళ్ళూ తేడా తెలియకపోవడానికి కారణమే అది. సీసా తన చెయ్యి దాటింది ఒక్కసారే. లిఫ్టులో. రెండు సీసాలు దొర్లినప్పుడు.

'నావి కూడా విటమిన్లే.'

అతనికీ! తనలాగే అతనూ లేబుల్ ఎవరైనా చూస్తారని భయపడి మార్చి పోసుకున్నాడు. అయ్యో అనిపించింది. వెనువెంటనే, సిగ్గులేకుండా, సంతోషం పొంగింది. సంతోషపడినందుకు తనని తాను తిట్టుకుంది. ఇవన్నీ అర నిమిషంలో.

"చెప్పు, ఏమైంది?" అడిగింది లెక్కలక్క.

చెప్తే చాలు. 'సీసా మారిందక్కా' అంటే తన పన్నెండో నెల తనకి దక్కుతుంది, అత్త కోపం పోతుంది. కానీ ఎవరితో మారిందని అడుగుతారు. ఆ గది గోడమీద ఒకే ఒక నియమం రాసి ఉంది: మన సంగతి మనమే చెప్పుకోవాలి, ఎదుటివాళ్ళ సంగతి మనం చెప్పకూడదు.

"మర్చిపోయానక్కా," అంది చుక్క. "తొమ్మిది రోజులు."

హ్యాండ్‌బ్యాగు తీసుకుని అత్త దూరంగా ఉన్న కుర్చీలో, అటు తిరిగి కూర్చుంది. చుక్కకి అదే ఎక్కువ బాధ. లెక్కలక్క మాత్రం సీసా అడుగుకేసి చూసి, చుక్క గోళ్ళకేసి చూసి, దగ్గొచ్చినదానిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరే. రక్తపరీక్ష రాస్తాను, రక్తం అబద్ధమాడదు," అంది. పుస్తకంలో ఏదో రాసుకుంది. "పన్నెండో నెల సంగతి వచ్చే ఆదివారం తేలుద్దాం. ఆ రోజు కొత్త మనిషొకరు రావచ్చు. మూడేళ్ళుగా మందులు తీసుకెళ్తాడు గానీ మీటింగంటే పారిపోతాడు. అందరూ తప్పక రండి."

సోమవారం పొద్దున్న ఎనిమిదికి ఐదు నిమిషాలు. లిఫ్టు ముందు బోర్డు లేదు, మెకానిక్ ఉన్నాడు. తల నున్నగా దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని, సున్నం కొట్టిన గోడలా నిలబడి ఉన్నాడు.

"మీతో ఒకమాట..." అన్నాడు.

"నాకూ ఒకమాట..." అంది.

"మీరు చెప్పండి."

"మీరే చెప్పండి."

ఇద్దరూ ఎక్కిన లిఫ్టు మూడు దాటింది. ఈ మర్యాదలు తెమిలేలోపు ఐదొచ్చేస్తుందని చుక్క ఎర్ర బటన్ నొక్కేసింది. లిఫ్టు ఠక్కున ఆగింది.

"అయ్యో! అది ఎమర్జెన్సీకండీ!"

"ఇది ఎమర్జెన్సీయే," అంది చుక్క. కళ్ళు మూసుకుంది. "నాకు హెచ్‌ఐవి ఉంది. నా సీసాలో ఉన్నవి విటమిన్లు కావు. నాకు పిల్లి లేదు. అంతే. ఇంక మీరు వెళ్ళిపోవాలంటే వెళ్ళిపోండి."

వెళ్ళడానికి దారి లేకుండా లిఫ్టు మధ్యలో ఆగి ఉందన్న సంగతి ఆమెకి గుర్తులేదు.

"పిల్లి లేదా?" అన్నాడతను.

చుక్క కళ్ళు తెరిచింది. "ఇంత చెప్తే మీరు పిల్లి దగ్గర ఆగారా?"

"మిగతాది నాకు తెలుసు. పిల్లి లేదని మాత్రం తెలీదు."

"ఎలా తెలుసు?"

అతను సంచిలోంచి సీసా తీసి బోర్లించాడు. అడుగున గులాబీ చుక్క. "మంగళవారం సెంటర్లో అక్క లెక్కపెడితే నాకు తొమ్మిది తక్కువొచ్చాయి. అప్పుడు చూశాను. మీ గొడుగు మీదా ఇదే చుక్క, మీ పెన్ను మీదా ఇదే చుక్క. నాకూ ఉందండీ. మూడేళ్ళయింది. మీరు చెప్పేదాకా మీ సంగతి నాకు తెలిసినట్టు ఉండకూడదు, నా సంగతి మీకు చెప్దామంటే నోరు రాదు. వారంరోజులుగా నిద్ర లేదు."

"అక్కతో సీసా మారిందని చెప్పారా?"

"ఎలా చెప్తాను? అది మీ సంగతి కదా. మాత్రలు లిఫ్టు గోతిలో పడిపోయాయన్నాను."

"తొమ్మిది మాత్రలూ లెక్కగా లైను కట్టి పడ్డాయా?"

"అక్కా అదే అడిగింది."

చుక్క నవ్వడం మొదలుపెట్టింది. "నేను తొమ్మిది రోజులు మర్చిపోయానని చెప్పా. నా పన్నెండో నెల పోయింది. అత్త అలిగింది." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మీవల్లే."

"నాకోసమా?" అతని మొహం చూడాలి అప్పుడు. దొంగకి తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న మనిషికి ఒక్కసారిగా మాటలొచ్చాయి. "మొన్న లిఫ్టులో మీకు ఫోనొచ్చింది చూడండి, ఆ రోజు నాకెంత కుళ్ళు పుట్టిందో! మూడేళ్ళుగా ఎనిమిదింటికి నాకు అలారం ఒక్కటే మోగుతుంది. ఆపితే ఆగిపోతుంది. తిరిగి ఏమీ అడగదు. మీ పిల్లికి మాత్రం పాలు తాగావా అని అడిగేవాళ్ళున్నారు. ఆ పిల్లి ఎంత అదృష్టవంతురాలో అనుకున్నాను. దాన్ని ఒకసారి చూడాలనిపించి పట్టీ కొన్నాను. దానికంటే ముందు మిమ్మల్ని రోజూ చూడాలనిపించి లిఫ్టు చెడగొట్టాను. మీరంటే నాకిష్టం. ఇది కూడా చెప్పకూడని సంగతేమో తెలీదు, నా సంగతే కాబట్టి చెప్పేస్తున్నాను."

"నాక్కూడా ఇష్టం," అంది చుక్క. "ఏనుగు పిల్లల దగ్గర్నుంచి."

ఎనిమిదైంది. రెండు ఫోన్లూ మోగాయి. చుక్క ఫోన్లో అత్త పేరు. అలిగినావిడ చేస్తుందని అనుకోలేదు.

"కోపం కోపమే, పిల్లి పిల్లే," అంది అత్త కటువుగా. "పాలు తాగిందా లేదా?"

చుక్క తన సీసాని అతని చేతిలోంచి అందుకుని, అతనిది అతనికిచ్చింది. "తాగుతోంది అత్తా."

"నిజంగా?"

"నిజంగా, అత్తా. ఆదివారం నీకో మనిషిని చూపిస్తా. అప్పుడు మొత్తం చెప్తా, తిట్టాలనుకుంటే తిట్టు."

ఇద్దరూ ఎవరి సీసాలోంచి వాళ్ళు మాత్ర తీసుకున్నారు. మళ్ళీ ఒకే నీళ్ళ బాటిల్. ఈసారి మెడమీద పడ్డ చుక్కలకేసి అతను పైకప్పు చూడకుండా ధైర్యంగా చూశాడు.

ఆదివారం మేడమీద గది తలుపు దగ్గర అతను పది నిమిషాలు నిలబడ్డాడు. చుక్క లోపలికి లాగలేదు, తోయలేదు, పక్కన నిలబడింది. "ఇంతమందున్నారా?" అన్నాడు మెల్లిగా. లోపల ఒకాయన చెస్ ఆడుతూ ఓడిపోయి గోల చేస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు స్వెట్టర్ అల్లిక గురించి పోట్లాడుకుంటున్నారు. ఎవరి మొహంలోనూ అతను భయపడిందేదీ లేదు. కుడికాలు లోపల పెట్టాడు, ఎడమకాలు దానంతటదే వచ్చింది.

"అమ్మయ్య!" అంది లెక్కలక్క, కుర్చీలో వెనక్కి వాలి. "మీ ఇద్దరూ రెండు సీసాలు పట్టుకుని కలిసి వస్తారని, ఇతని సీసా అడుగున చుక్క చూసిన మంగళవారం నుంచి ఎదురుచూస్తున్నా. ఇక్కడ తొమ్మిది తక్కువ, గోతిలో పడ్డాయంటాడు. అక్కడ తొమ్మిది ఎక్కువ, మర్చిపోయానంటుంది. ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి చెప్పకూడదాయె! మింగలేక కక్కలేక నాకు కడుపుబ్బిపోయింది."

"ఇప్పుడు చెప్పొచ్చా?" అడిగాడు మెకానిక్. గదిలోవాళ్ళందరికేసి తిరిగాడు. "నా సంగతి నేనే చెప్తాను. నాకూ మీ అందరిలాగే..." అని మొదలుపెట్టి, లిఫ్టు దగ్గర్నుంచి మెడపట్టీ దాకా అంతా చెప్పేశాడు. ఏనుగు పిల్లల దగ్గర చెస్ ఆయన కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు.

అలారం అత్త మాత్రం నవ్వలేదు. చుక్క ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"ఇతని పరువుకోసం నా చేత ఆ మాటలు పడ్డావా?"

"నియమం కదా అత్తా."

"నియమం రాసి గోడకి తగిలించింది నేనేనే పిచ్చిదానా!" అని చుక్కని గట్టిగా వాటేసుకుంది. తర్వాత మెకానిక్‌ని పైనుంచి కిందదాకా చూసింది, చూసి, "ఏమయ్యా, మందు ఎప్పుడైనా మానేశావా?" అంది.

"లేదండీ."

"అబద్ధాలాడతావా?"

"ఒక్కటే ఆడానండీ. అది ఈ అక్కగారికి తెలుసు."

"వంటొచ్చా?"

"అన్నం, ఆమ్లెట్."

"నేర్చుకో," అంది అత్త. పరీక్ష పాసయినట్టే.

లెక్కలక్క పుస్తకం తెరిచి, తొమ్మిది ఎక్కువనీ తొమ్మిది తక్కువనీ పక్కపక్కన రాసి, రెండూ కొట్టేసి, చుక్క పేరు ఎదురుగా పన్నెండో గడిలో టిక్కు పెట్టింది. గదంతా చప్పట్లు. "ఇక తోడు ఫారం," అంది. "కొత్తగా వచ్చినాయన పేరు రాశాను. తోడు?"

"నేను," అంది చుక్క.

"ఎంతకాలం? ఆరు నెలలా, ఏడాదా?"

చుక్క మెకానిక్‌కేసి చూసింది. మెకానిక్ ఫారంకేసి చూశాడు.

"ఆ గడి చిన్నదక్కా," అన్నాడు. "మాది పట్టదు. ఖాళీగా వదిలెయ్యండి."

చుక్క చెవులు గోళ్ళరంగులోకి తిరిగాయి. అక్క పెన్ను మూతపెట్టింది.

"అయితే నా సంగతేంటి?" అంది అలారం అత్త నడుంమీద చేతులు పెట్టుకుని. "ఈ పిల్లికి తోడు నేను. ఆ పిల్లికి తోడు ఈ పిల్లి. పొద్దున్నే ఇద్దరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటే మాత్ర వేసుకునేదెప్పుడు? త్వరగా ముహూర్తమేదో చూసుకుని ఒకే ఇంట్లో ఉండండి. నాకూ ఒక ఫోన్‌తో సరిపోతుంది."

సెంటర్ ఉన్న బిల్డింగుకి లిఫ్టు లేదు. ఇద్దరూ మెట్లమీదుగా దిగారు. మూడంతస్తులు. మొదటి మలుపులోనే అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అక్కడినుంచి ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిగాడు.

"ఇంత నెమ్మదేంటి?" అంది చుక్క.

"మాట్లాడకపోతే ఇరవై నిమిషాలు పడుతుంది," అన్నాడు మెకానిక్.

చుక్క మాట్లాడుతూనే ఉంది. ముప్పావుగంట పట్టింది.